వాన ఊళ్ళో పండే పొట్టి చెట్టు

ఈమధ్య ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలు నాకు ఫోన్ చేశారు. ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్ళు. కంప్యూటర్ వద్దు, మట్టి కావాలని నర్సరీలో పనికి చేరుతున్నారట. "ఆంటీ, అన్ని రకాల పేర్లు మీకెలా గుర్తుండేవి?" అని అడిగారు. గుర్తుండేవి కావు. మొక్కల డబ్బాలకి లేబుల్స్ ఉంటాయి కదా, చదువుకునేదాన్ని. ఆ ఉద్యోగానికి నిజంగా కావలసిందేమిటో ఫోన్లో చెప్పబోతే గంటలు పట్టింది. అందుకని రాస్తున్నాను.

సియాటిల్‌కి ఉత్తరాన ఒక నర్సరీలో ఇరవై ఆరేళ్ళు పళ్ళ మొక్కలు అమ్మాను. అంతకుముందు మా ఆయన ఉద్యోగం వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చెయ్యడానికి వీల్లేక, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీలు పెంచుతూ కొన్నేళ్ళు గడిపాను. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చిన వారానికే ఆ నర్సరీకి వెళ్ళి పని అడిగాను. ఎంత జీతమిచ్చారో, ఎప్పుడు సూపర్‌వైజర్ని చేశారో మీకు పనికిరాదు, వదిలేస్తున్నాను.

మొదటి పాఠం: నాకు వాన తెలియదు

మాది కడియం. మా నాన్న మామిడి అంట్లు కట్టేవాడు. పన్నెండేళ్ళకే నా చేత కూడా కట్టించాడు. అందుకని మొదటిరోజు నర్సరీ ఓనర్ మార్జ్‌తో కాస్త గొప్పగానే చెప్పాను, "చెట్ల సంగతి నాకు తెలుసు" అని.

మార్జ్ అప్పటికే అరవైకి దగ్గర్లో ఉంది. పొడుగు మనిషి, రబ్బరు బూట్లు, జేబులో ఎప్పుడూ కత్తెర. ఎవర్నీ పొగిడేది కాదు. నా మాట విని, "చెట్లు తెలుసేమో. ఇక్కడి వాన తెలియదు" అంది.

కోపం వచ్చింది. గోదావరి పక్కన పుట్టినదానికి వాన తెలియదా? కానీ ఆమె అన్నది నిజం. మా ఊళ్ళో వాన కుండపోతగా కురిసి పోతుంది, వెనకాలే ఎండ కాస్తుంది. ఇక్కడ అక్టోబర్‌లో మొదలై మే దాకా సన్నగా, గొడుగు కూడా తెరవబుద్ధికానంత సన్నగా పడుతూనే ఉంటుంది. నేల చల్లారిపోతుంది. ఆకు తడి ఆరదు. తెగులుకి కావలసింది కుంభవృష్టి కాదు, ఆరని ఆకు. ఈ ఒక్క ముక్క ఒంటబట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మార్జ్ మొక్కలు అమ్మే పద్ధతి చూస్తే అసలు అమ్మే ఉద్దేశం ఉందా అనిపించేది. ఎవరైనా వచ్చి "చెర్రీ కావాలి" అంటే చెర్రీ చూపించేది కాదు. "జనవరిలో మీ పెరట్లో నడిస్తే బూట్లు దిగబడతాయా?" అని అడిగేది. తెలియదంటే ఇంటికి పంపేసేది. "మోచేతి లోతు గొయ్యి తవ్వండి. నీళ్ళతో నింపండి. మర్నాటికి ఇంకిపోతే రండి, ఇంకకపోతే కూడా రండి, కానీ అప్పుడు వేరే మాట మాట్లాడుకుందాం." ఆ వేరే మాటేమిటంటే, గొయ్యిలో కాదు, మోకాలెత్తు మట్టి దిబ్బ పోసి దానిమీద నాటమని.

నాకిది పిచ్చిగా తోచింది. వచ్చిన బేరం పంపేస్తుందేమిటనుకున్నాను. కానీ అలా వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు, ఫోన్లో గొయ్యి ఫోటోలు చూపిస్తూ, పిల్లల స్కూల్ రిపోర్ట్ చూపించినంత హుషారుగా.

డేల్ గారి పీచ్

నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇది. చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగానే ఉంటుంది.

డేల్ అనే ఆయన ఫెర్రీ మీద పనిచేసి రిటైరయ్యాడు. భార్య లొరెయిన్ జార్జియా రాష్ట్రంలో పుట్టింది. పెళ్ళయి ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళయినా ఆగస్టు వస్తే, "ఇక్కడ పీచ్‌పండు అనేది లేదు, అట్టముక్కలు అమ్ముతారు" అంటుందట. ఆమె పుట్టినరోజుకి పీచ్ చెట్టు పెడదామని వచ్చాడు. ఆ రోజు మార్జ్ లేదు. నేను ఉత్సాహంగా తియ్యటి రకం ఒకటి తీసి, "పొట్టి వేరుమొక్క మీద కట్టిన అంటు, ఎత్తు పెరగదు, పెరడు చిన్నదైనా ఫరవాలేదు" అని కారులో ఎక్కించాను. బూట్లు దిగబడతాయా అని కూడా అడగలేదు.

మరుసటి మే నెలలో డేల్ బ్రెడ్ కవర్‌లో ఆకులు వేసుకుని వచ్చాడు. ఎర్రగా ఉబ్బి, ముడుచుకుని, చూడ్డానికి ఆకుల్లాగే లేవు. మా వైపు మిరపకి ఆకుముడత వస్తుంది, దాని కారణం వేరు. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. మొగ్గ విచ్చుకునే సమయంలో వానకి తడిస్తే పట్టుకుంటుంది. ఇక్కడ ఆ సమయమంతా వానే.

"లొరెయిన్ రోజూ దానికి సారీ చెబుతోంది, తను అడగబట్టే దానికి ఈ గతి పట్టిందని" అన్నాడు డేల్. ఒక్క మాట కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మార్జ్ ఆకులు చూసింది, నన్ను చూసింది. "వేరే మొక్క ఇచ్చి పంపడం తేలిక. నువ్వు వాళ్ళింటికి వెళ్ళు. చెట్టుని కాదు, ఇంటిని చూసి రా."

వెళ్ళాను. చెట్టు పెరటి మధ్యలో, వానంతా నెత్తిన పోసుకుంటూ దీనంగా ఉంది. లొరెయిన్ టీ ఇచ్చింది. ఇంటి పక్క సందులోనే నిలబడి తాగుతుంటే ఆమె కుండీలు కంటపడ్డాయి. దక్షిణం గోడ పక్కన వరసగా జెరేనియం కుండీలు. సన్నగా వాన పడుతూనే ఉంది, వాటి మీద మాత్రం చుక్క లేదు. చూరు ముందుకి వచ్చి వాటిని కాస్తోంది.

"వీటికి చలికాలమంతా నీళ్ళు మీరే పొయ్యాలా?" అని అడిగాను.

"అవును తల్లీ, వానలో ఉండి కూడా వీటికి దాహమే" అంది.

కప్పు అక్కడే పెట్టేసి గోడ దగ్గరికి పరుగెత్తాను! పీచ్‌కి కావలసింది అదే. మొగ్గ విచ్చుకునేటప్పుడు తల తడవకూడదు. గోడ పగలంతా వేడి పట్టి సాయంత్రానికి చెట్టుకిస్తుంది. విసనకర్రలా కొమ్మల్ని గోడకి పరిచి కట్టుకుంటే చూరు కిందే సరిపోతుంది.

నవంబర్‌లో ఆకు రాలాక డేల్, నేను, మార్జ్ కలిసి చెట్టుని తవ్వి గోడ పక్కకి మార్చాం. బతుకుతుందని నేను గట్టిగా చెప్పలేదు, అప్పటికి బుద్ధి వచ్చింది. మరుసటి వసంతంలో డేల్ రోజు విడిచి రోజు నర్సరీకి ఫోన్ చేసేవాడు. "పచ్చగా ఉంది! ఇవాళ కూడా పచ్చగానే ఉంది!"

మూడో వేసవిలో పిలిచారు. పదకొండు పళ్ళు కాసింది. లొరెయిన్ ఒకటి కోసి, కత్తి కూడా అడక్కుండా, బట్టల మీద రసం పడకుండా ముందుకి వంగి కొరికింది. నమిలింది. కళ్ళు మూసుకునే డేల్ భుజం మీద ఒక్కటిచ్చింది. "నలభై ఏళ్ళు ఆలస్యం చేశావు" అంది. డేల్ నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

ఇందులో నేర్చుకోవలసింది చూరు కింద పీచ్ పెట్టాలని కాదు. తడి తట్టుకునే పీచ్ రకం అప్పటికే మా దగ్గరుంది, నాకు తెలియలేదు. అది ఇచ్చి ఉంటే సగం బాధ తప్పేది. తెలియనప్పుడు "రేపు రండి, కనుక్కుని చెబుతాను" అనాలి. కస్టమర్ ఉత్సాహం చూసి మనం ఉత్సాహపడిపోతే నష్టపోయేది వాళ్ళే.

మనవాళ్ళ గురించి ఒక మాట

ఎండ కాసిన మొదటి శనివారం మనవాళ్ళు నర్సరీకి వస్తారు. ముందు మామిడి అడుగుతారు. లేదంటే జామ. అదీ లేదంటే, షాపులో తిన్న ఆపిల్ పేరు చెప్పి అదే కావాలంటారు. ఆ పండు కొండలకి అవతల, తూర్పు వైపు ఎండలో పండినది. అక్కడ వాన లేదు. మధ్యలో ఉన్నవి కొండలే గానీ, అటూ ఇటూ రెండు వేరే దేశాలనుకోండి. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

అలా షాపు ఆపిల్ అడిగినవాళ్ళే కిరణ్, స్రవంతి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. కిరణ్‌ది గుంటూరు, స్రవంతిది నల్గొండ. దగ్గర్లోనే బాతెల్ అనే ఊళ్ళో కొత్తగా టౌన్‌హౌస్ కొనుక్కున్నారు. పెరడు రెండు కార్లు పట్టేంత. సెప్టెంబర్ చివర్లో వచ్చారు, అదొక్కటే నాకు ముందు నచ్చింది. వానలకి ముందు నాటితే చలికాలంలో వేరు కుదురుకుంటుంది.

కిరణ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఆంటీ, ముప్పై ఎనిమిది ఆపిల్ రకాలు షార్ట్‌లిస్ట్ చేశాను. రేటింగ్ ప్రకారం సార్ట్ చేస్తే హనీక్రిస్ప్ టాప్‌లో వచ్చింది."

"రేటింగ్ ఎవరిచ్చారు బాబూ?"

"ఆన్‌లైన్‌లో... గార్డెనర్స్."

"వాళ్ళ ఊళ్ళో ఏప్రిల్‌లో వాన పడుతుందా?"

స్రవంతి పకపకా నవ్వింది. "నేను చెప్పలే? ఆ కాలమ్ పెట్టలేదు నువ్వు." తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. "ఆంటీ, మాది ఇంకా హెచ్-వన్‌బీనే. గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తదో తెల్వదు. ఇల్లంటే అమ్ముకుంటం. చెట్టు పెట్టి ఎట్ల పోతం?"

"పొట్టి వేరుమొక్క మీద కట్టిన ఆపిల్ మూడో ఏట కాస్తుంది. మీ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా మూడేళ్ళే కదా?" అన్నాను. కిరణ్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

మచ్చతెగులు తట్టుకునే లిబర్టీ అనే రకం తీశాను. ఇక్కడి తడికి ఆపిల్ ఆకు మీద, కాయ మీద నల్లటి మచ్చలు పడి కాయలు పగులుతాయి. ఈ రకానికి ఆ బెడద లేదు. కాయ పట్టాలంటే మాత్రం దగ్గర్లో ఇంకో రకం ఆపిల్ పూయాలి. అది అడిగాను.

"ఉంది ఆంటీ. మా కంచె అవతల పెద్ద ముసలి చెట్టు. కాయలు మా దిక్కు పడతయి. ఉప్పు కారం అద్దుకుని తింటున్నం, మస్తుగుంటయి" అంది స్రవంతి.

"వాటి మీద మచ్చలున్నాయా?"

"లేవు."

"ఆకులు?"

"మంచిగనే ఉన్నయి."

"ఎవరైనా మందు కొడతారా?"

"మనుషులే లేరు ఆంటీ. ఎన్నేండ్ల సంది ఖాళీగుందో ఆ ఇల్లు."

ఆ ఏడు వసంతం మహా తడిగా గడిచింది. మా నర్సరీలోనే సగం ఆపిల్స్ మచ్చలతో అసహ్యంగా ఉన్నాయి. మందు కొట్టే దిక్కులేని ముసలి చెట్టు శుభ్రంగా ఉందా!

ముసలి చెట్టు

ఆ సాయంత్రమే వెళ్ళాను. రెండంతస్తుల ఎత్తు, మొదలు డొల్ల, ఒళ్ళంతా నాచు. ఆకు మాత్రం కడిగినట్టు ఉంది. కింద పడిన కాయ తుడుచుకుని కొరికాను. ముందు పులుపు, నములుతుంటే తీపి, చివర్లో ఎక్కడో అనాసపండు వాసన. పేరేమిటో నాకు తెలియలేదు. మార్జ్‌కి పట్టుకెళ్ళి చూపిస్తే ఆమెకీ తెలియలేదు.

ఆమె వెంటనే పొంగిపోతుందనుకున్నాను. "అంత ఎత్తున గాలి ఆడుతుంది, ఆకు తొందరగా ఆరుతుంది. అందుకే శుభ్రంగా ఉందేమో. నడుమెత్తు చెట్టు మీద కూడా అలాగే ఉంటుందని ఎవరు చెప్పారు?" అంది.

చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఫిబ్రవరిలో దాని పుల్లలు తీసి, పొట్టి వేరుమొక్కల మీద అంటు కట్టి చూద్దామనుకున్నాం.

జనవరిలో ఒక పొద్దున స్రవంతి ఫోన్. "ఆంటీ, మెషీన్ వచ్చింది. ఆ స్థలంల ఇండ్లు కడతరంట. చెట్టుకి ఆరెంజ్ రిబ్బన్ కట్టిన్రు. జల్ది రండి!"

వానలో ఫోర్-ఓ-ఫైవ్ హైవే మీద ట్రాఫిక్. కారు కదలడం లేదు. నేను స్టీరింగ్ మీద కొడుతూ, మా నాన్నని, వినాయకుణ్ణి, ముందున్న ట్రక్కుని అందర్నీ తలుచుకున్నాను. చేరేసరికి స్రవంతి రెయిన్ జాకెట్‌లో, చెవిలో ఇయర్‌ఫోన్‌తో, ఫెన్స్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌తో మాట్లాడుతోంది. "మీటింగ్‌ల ఉన్న ఆంటీ, కెమెరా ఆఫ్ చేసిన" అంది నాతో గుసగుసగా.

సూపర్‌వైజర్ పేరు టాడ్. "లోపలికి రానివ్వలేను మేడమ్. ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. ఇంకో అరగంటలో కొట్టేస్తాం" అన్నాడు. మొరటు మనిషేం కాదు, తన పని తను చేస్తున్నాడు.

నేను మచ్చతెగులు గురించి ఏదో ఉపన్యాసం మొదలుపెట్టాను. అతను వాచీ చూసుకుంటున్నాడు. స్రవంతి ఇంట్లోకి పరుగెత్తి వచ్చి, ఫెన్స్ సందులోంచి ఒక ఆపిల్ అతని చేతిలో పెట్టింది. అక్టోబర్‌లో ఏరి ఫ్రిజ్‌లో దాచిందట.

టాడ్ అనుమానంగానే కొరికాడు. ఇంకోసారి కొరికాడు. తల తిప్పి చెట్టు వైపు చూశాడు. "ఇది దీనిదేనా?"

"దీనిదే."

"నిచ్చెన ఎక్కనివ్వను" అన్నాడు. "మీక్కావలసిన పుల్లలు ఎక్కడున్నాయి?"

"చిట్టచివర. నిరుడు పెరిగిన లేత కొమ్మలు కావాలి. పెన్సిల్ లావున ఉండాలి."

"అయితే చెట్టు పడ్డాక రండి. హెల్మెట్ ఇస్తాను. పదిహేను నిమిషాలు, అంతే."

అలా, ఆ చెట్టు కూలడం కోసం నేను ఎదురుచూడాల్సి వచ్చింది. మర చప్పుడు, తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు, తర్వాత నేల అదిరింది. స్రవంతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాధపడటానికి తీరిక లేదు. ఇద్దరం తడి కొమ్మల్లోకి దూరిపోయాం. ముసలి చెట్టుకి లేత కొమ్మలు తక్కువే. వెతికి వెతికి పద్దెనిమిది కోశాం. చివరి రెండూ టాడ్ కోసిచ్చాడు.

తడి పేపర్‌లో చుట్టి, కవర్‌లో పెట్టి, ఫ్రిజ్‌లో దాచాను. ఫ్రిజ్‌లో ఆపిల్స్ ఉండకూడదు. పండు విడిచే గాలికి మొగ్గలు చచ్చిపోతాయి. ఉన్న ఆపిల్స్ అన్నీ మా ఆయన వారంరోజులు కిక్కురుమనకుండా తిన్నారు.

చిన్న చెట్టు మీద

మార్చిలో బాగున్నవి ఏరి, పద్నాలుగు అంట్లు పొట్టి వేరుమొక్కల మీద కట్టాను. తొమ్మిది పట్టాయి. ఒకటి స్రవంతికిచ్చాను. నెల తర్వాత వెళ్ళి చూస్తే కిరణ్ ప్రేమకొద్దీ మొదలు చుట్టూ బెరడుపొట్టు కుప్పపోశాడు, అంటు కట్టిన చోటు కనపడకుండా. "తియ్యి బాబూ, ముందది తియ్యి!" అని అరిచాను. ఆ చోటు నేలకి జానెడెత్తున ఉండాలి. కప్పేస్తే పైచెట్టు తన సొంత వేరు దించుకుని రెండంతస్తుల ఎత్తు పెరిగిపోతుంది. పొట్టి చెట్టుకి జీవితాంతం ఊతకర్ర కూడా ఉండాలి, వేరు బలం తక్కువ. కొనేవాడికి ఈ రెండూ చెప్పకుండా మొక్క ఇవ్వకండి.

మిగిలిన ఎనిమిదింటినీ కావాలనే నర్సరీలో అధ్వాన్నమైన మూల పెట్టాను. పల్లం, గాలి ఆడదు, మధ్యాహ్నం దాకా ఎండ తగలదు. పక్కన మచ్చతెగులు త్వరగా పట్టే రకాలు. మందు కొట్టలేదు. మార్జ్ చూసి, "క్రూరంగా ఉన్నావే" అంది. ఆమె నోట నాకు అది మెప్పుగానే వినిపించింది.

రెండో వసంతం దారుణం. ఏప్రిల్, మే రెండూ నానుతూనే ఉన్నాయి. పక్క చెట్లకి మచ్చలు మొదలయ్యాయి. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక్కో ఆకు తిరగేసి చూసేదాన్ని. జూన్ వచ్చింది. పక్కవి సగం ఆకు రాల్చేశాయి. మా ఎనిమిదీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. స్రవంతికి వీడియో కాల్ చేసి, ఊరికే ఆకులు చూపించాను. అటువైపు ఆమె ఆఫీస్‌లో కేక పెట్టింది.

మూడో ఏడు పూత వచ్చింది. పిందెలు రాలిపోగా నాలుగు కాయలు నిలిచాయి. కంటికి రెప్పలా కాశాను. ఆ సెప్టెంబర్ నెలాఖరుకి రిటైరవుతానని అప్పటికే లెటర్ ఇచ్చేశాను. మోకాళ్ళ నొప్పులు, మా ఆయన కూడా ఇంట్లోనే ఉంటున్నారు.

కాయలు కోసిన రోజు స్రవంతి, కిరణ్ వచ్చారు. ఒకటి వాళ్ళకి, ఒకటి నాకు. ఒకటి టాడ్‌కి ఇవ్వాల్సిందేనని స్రవంతి పక్కన పెట్టింది. నాలుగోది మార్జ్‌కిచ్చాను.

నేను కొరికాను. పులుపు, తర్వాత తీపి, చివర్లో ఆ అనాస వాసన. ముసలి చెట్టు కాయకంటే గట్టిగా, రసం ఎక్కువగా ఉంది. కిరణ్ "అబ్బా" అన్నాడు. స్రవంతి బ్యాగ్‌లోంచి ఉప్పూ కారం పొట్లం తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. దానికి అవసరం లేదంది.

మార్జ్‌కి అప్పటికి ఎనభై నాలుగు. చేతికర్ర బల్లకి ఆనించి, కుర్చీలో కూర్చుని, నింపాదిగా తింది. గుజ్జు తింది, తొడిమ దాకా తింది, గింజలు అరచేతిలోకి ఊసి వాటిని కాసేపు చూసింది. మేం ముగ్గురం ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాం.

"మార్చికి ఎన్ని అంట్లు కట్టగలవు?" అంది.

"మార్జ్, నేను ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను."

"నేను అడిగింది అది కాదు."

ఎనిమిది చెట్లు. ఒక్కోదానికి ఎన్ని లేత కొమ్మలు, ఒక్కో కొమ్మకి ఎన్ని మొగ్గలు. మనసులో గబగబా లెక్కేసుకున్నాను. మోకాళ్ళ సంగతి గుర్తే రాలేదు.

"రెండు వందలు" అన్నాను.